అమ్మ పట్నం బయలుదేరిన శనివారం

శనివారం సాయంత్రమైతే మా నానక్‌రామ్‌గూడ వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. అద్దాల మేడలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. షేర్ ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వస్తారు, మెడలు పట్టేసేదాకా పైకి చూస్తారు, ఆ తర్వాత ఫోటోలు దిగుతారు. మొన్న శనివారం కూరగాయలు కొనుక్కుని వస్తుంటే ఒకావిడ నన్ను ఆపింది. మాటను బట్టి కోస్తావాళ్లు. పక్కన ఇద్దరు పిల్లలు, భుజాన పెద్ద సంచి. భర్త ఫోనులో దారి వెతుక్కుంటూ ముందు నడుస్తున్నాడు.

"ఏవండీ, ఇక్కడ చూడాల్సినవి ఇంకా ఏమున్నాయండీ? మేం హైదరాబాద్ రావడం ఇదే మొదలు. రేపు రాత్రికి మళ్లీ రైలెక్కేయాలి" అంది.

తీగల వంతెన గురించి చెప్పాను, చెరువు గురించి చెప్పాను. చార్మినార్ చూశారా అని అడిగాను. "రేపు పొద్దున్నేనండీ. దాని పైకెక్కాలని నాకు చిన్నప్పట్నుంచీ ఒకటే కోరిక" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి సంచి గడప దగ్గరే వదిలేసి కూలబడ్డాను. కోడలు వచ్చి "ఏమైంది అత్తమ్మా, బీపీ గోలీ ఏస్కున్నవా?" అని అడిగింది. ఏస్కున్నానన్నాను. ఇంకేం చెప్పను? ఎవరో దారిన పోయే మనిషి మా అమ్మలాగా నవ్విందని చెబితే, పాపం, దానికి మాత్రం ఏం అర్థమవుతుంది?

ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, అప్పుడు మాది గుండ్ల ఊరు, ఎటు చూసినా రాతి గుండ్లే. ఇంటంత గుండు ఒకటి, దాని మీద బండి అంత గుండు ఇంకొకటి, ఎప్పుడు దొర్లుతుందో అన్నట్టు నిలబడి ఉండేవి. వాటి సందుల్లో అంతా సీతాఫలం చెట్లు. వానాకాలం వెళ్లి కొంచెం చలి మొదలయ్యే రోజుల్లో ఊరు ఊరంతా పండిన సీతాఫలం వాసన వేసేది. దోరకాయలు తెచ్చి తవుడు గంపలో పెడితే మూడో నాటికి మెత్తబడేవి. నేను రెండో నాడే గంపలో చెయ్యి పెట్టి ఒక్కోదాన్నీ నొక్కి చూసేదాన్ని. నొక్కిన చోటల్లా నల్లబడేది. "ఎవలే పండ్లకు పొడలు తెచ్చింది?" అని నాయినమ్మ అరిచేది. నేను నోట్లో గింజలు దాచుకుని, నాకేం తెలుసన్నట్టు తల అడ్డంగా ఊపేదాన్ని.

మా నాయిన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. పొద్దు పొడవకముందే సైకిలెక్కి పోయి, పొద్దుగూకాక నూనె వాసనతో వచ్చేవాడు. వర్క్‌షాపులో ఆయన పక్కన పనిచేసే ఒకతను పెళ్లాం పిల్లల్ని తీసుకుపోయి పట్నమంతా తిప్పి చూపించాడట. ఇక రోజూ చాయ్ తాగేటప్పుడు అదే ముచ్చట. జూలో పులి ఆవలించిందట, చార్మినార్ మీద నుంచి చూస్తే మనుషులు చీమల్లాగా ఉన్నారట. విని విని మా నాయిన చెవులు తూట్లు పడ్డాయి. ఒకనాడు రొట్టె తింటూ తింటూ ఉన్నట్టుండి అన్నాడు, "మనం గూడ పోదాం. శనివారం పోయి ఆదివారం వద్దాం. నా దోస్తు ఇల్లుంది పురానాపూల్ కాడ, రాత్రికి ఆడ పండుకుందాం."

నాయినమ్మ నములుతున్న ఆకువక్క ఆపింది. "ఎందుకురా?"

"జూసొస్తందుకు."

"జూసొస్తందుకా? ఆడ జాతరనా ఏంది?"

తప్పు ఆమెది కాదు. మా ఊరివాళ్లు పట్నం పోతే కోర్టు కచేరీకి పోవాలి, లేకపోతే దవాఖానకు పోవాలి. ఊరికే చూడటానికి పోయిరావడమనేది మా గూడెంలో ఎవరూ వినలేదు. కూలి వదులుకుని, సద్ది కట్టుకుని, ఎవడో కట్టించిన మేడలు చూసి రావడమేమిటని ఆమె బాధ.

అమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగి, "నేను గూడనా?" అంది. ఎంత మెల్లగా అందంటే, గట్టిగా అంటే కాదంటారేమో అన్నట్టుగా అంది.

మా అమ్మది ఇంకా లోపలి ఊరు. అక్కణ్నుంచి ఎద్దుల బండి మీద మా ఊరికి కోడలిగా వచ్చింది. అంతే, ఆమె చూసిన లోకం. పెద్ద గుండు మీదికెక్కితే పొద్దుగూకే వేళకు తూర్పు దిక్కున పట్నం దీపాల వెలుగు మసకమసకగా కనబడేది. గడ్డి మోపు దించుకుని కాసేపు అటే చూస్తూ నిలబడేది. రోజూ కనబడేదే. ఎన్నడూ పోలేదు.

"చార్మినార్ ఎక్కుదామా మరి?" అని అడిగింది ఆ రాత్రి నాయినను.

"ఎక్కుదాం."

"అక్కడికెళ్లి జూస్తే మన గుండ్లు కనబడ్తయా?"

"ఎందుకు కనబడయ్? మన బర్రె గూడ కనబడ్తది. నువ్వు లేవని ఎగిరెగిరి తన్నుతుంటది" అన్నాడు నాయిన నవ్వుతూ.

అమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. మా అందరికీ అప్పుడు గుర్తొచ్చింది బర్రె సంగతి.

మా బర్రె ఈనిన కొన్నాళ్లకే దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె పోయిన బర్రె ఊరికే పాలియ్యదు. పొదుగు బిగపట్టుకుంటుంది. అమ్మ దాని పక్కన కూర్చుని, గంగడోలు నిమిరి, "అమ్మ గదా, నా తల్లి గదా" అని చిన్నగా గొణుగుతూ ఉంటే ఎప్పటికో చేపేది, పాలు వదిలేది. అదీ అమ్మ చేతికే. నాయినమ్మ పోతే తన్నింది. నాయిన పోతే తాడు తెంపుకుంది. రెండు పూటలు పిండకపోతే పొదుగు గడ్డకట్టి ఒట్టిపోతుంది. ఇంట్లో చల్లకైనా నెయ్యికైనా ఉన్నది అదొక్కటే.

"ఇంకేంది, మీ తండ్రీబిడ్డలు పోయి రాండ్రి. నా కోడలు ఇంటికాడ ఉంటది" అని నాయినమ్మ తీర్పు చెప్పేసింది. అమ్మ గిన్నెలు ముందేసుకుని తోముతూ కూర్చుంది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

అప్పుడు మా అక్క లేచింది. నాకంటే ఐదారేళ్లు పెద్దది. మాటలో గానీ పనిలో గానీ వెనకాడే మనిషి కాదు. "బర్రె సంగతి నేను జూస్త. అమ్మ పోవాల్సిందే" అంది.

"మరి నువ్వు పట్నం జూడవా?" అని అడిగాను నేను.

"నాకేం తొందర? రేపు నా పెండ్లైతే నా మొగడు తోల్కపోతడు. మీ లెక్క మామ రాళ్ల లారీల గాదు, రిక్షాల" అంది తల ఎగరేసి. నాయినమ్మ చీపురు తీసుకుని వెంటపడింది.

ఇక మొదలైంది మా ఇంట్లో బడి. చదువు చెప్పేది అమ్మ, చదివేది అక్క, పరీక్ష పెట్టేది బర్రె.

ముందు వాసన. పశువు మనిషిని మొహం చూసి కాదు, వాసన చూసి గుర్తుపడుతుందని అమ్మ చెప్పింది. తను కట్టి విప్పిన చీర ఉతక్కుండానే అక్కకు కట్టబెట్టింది. తన గాజులు తీసి అక్క చేతికి తొడిగింది, పిండేటప్పుడు ఆ చప్పుడే వినబడాలని. చీర అక్కకు పొడుగైంది. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతుంటే కొట్టంలోకి కొత్త పెళ్లికూతురిలాగా నడిచింది. బర్రె వాసన చూసింది, ఊరుకుంది. అక్క కూర్చుని "అమ్మ గదా, నా తల్లి గదా" అని మొదలుపెట్టేసరికి గొంతు గుర్తుపట్టినట్టుంది, ఈడ్చి ఒక్క తన్ను తన్నింది. పాల సర్వ ఒక దిక్కు, అక్క ఒక దిక్కు. అక్క పోయి సరిగ్గా పేడలో పడింది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, అదే పేడ చేతిలోకి తీసుకుని నా మొహాన కొట్టింది.

మర్నాడు అమ్మ బర్రె వీపు మీద చెయ్యేసి నిలబడింది, అక్క పిండింది. ఆ తర్వాత అమ్మ గోడ వెనక నిలబడింది. ఆ తర్వాత గుమ్మం దగ్గర. అట్లా పూటపూటకూ కొంచెం కొంచెం దూరం జరిగింది. చివరకు పెద్ద గుండెక్కి కూర్చుని అక్కణ్నుంచి కేకేసేది.

"చేపిందానే?"

"చేపలే!"

"నిమురు మరి! గుంజకు!"

"నిమురుతున్ననే తల్లీ, నా చేతులు బోయినయ్!"

నాయినమ్మకు ఇదంతా ఒళ్లు మంటగా ఉండేది. "మూగజీవిని మోసం జేస్తున్నరే. దాని ఉసురు తగుల్తది" అని అరుగు మీద కూర్చుని సణిగేది. కానీ ఆ ముసల్ది మాత్రం తక్కువదా? అమ్మకు చెప్పులు లేవని ఆమెకే ముందు తోచింది. "పట్నంల తారు రోడ్లంట, కాళ్లు బొబ్బలెక్కుతయ్. పిల్లకు చెప్పులు తేరా" అని నాయిన వెంటపడి తెప్పించింది. అమ్మ పుట్టి బుద్ధెరిగాక అవే మొదటి చెప్పులు. వాకిట్లో వేసుకుని నడక నేర్చుకుంది. అడుగు తీసి అడుగేస్తుంటే చెప్పు వెనకే ఉండిపోయేది. కొట్టంలో అక్క, వాకిట్లో అమ్మ, ఇద్దరికిద్దరూ నేర్చుకునేవాళ్లే. నాకైతే ఆ రోజుల్లో సినిమా చూసినంత సరదాగా ఉండేది.

శుక్రవారం సాయంత్రానికి బర్రె లొంగింది. అమ్మ గుండు మీద ఉండగానే అక్క చేతికి చేపింది. సర్వ దాదాపు నిండింది. చివర్లో మాత్రం ఒక్క తన్ను తన్నింది, అదీ తగలలేదు.

"ఒక్కటే తన్నిందే!" అని అక్క అరిచింది.

"ఆ ఒక్కటి గూడ తన్నకుంటే నాకు ఫికర్ లేకపోవు" అంది అమ్మ దిగి వస్తూ.

ఆ రాత్రి సద్ది కట్టింది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, బెల్లం వేసి దంచిన పల్లీల ముద్దలు. రోట్లో పల్లీలు దంచుతుంటే ఇల్లంతా కమ్మటి వాసన. నేను రోలు పక్కనే కూర్చుని అంచున అంటుకున్నదంతా గీక్కుని తిన్నాను. అన్నీ మూట కట్టాక, "ఇవి చార్మినార్ మీద కూసొని తినాలె" అంది అమ్మ. ఆ మాట అన్నప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

శనివారం మధ్యాహ్నం బయలుదేరాలి. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, రాళ్ల లారీ నడిపేవాడు. మా ఊరి గుండ్లు పగలగొట్టి పట్నంలో ఇళ్ల కట్టుబడికి తోలేవాళ్లు. ఆ లోడుతో పోతూ మమ్మల్ని ఎక్కించుకుంటానన్నాడు. నాయిన సెలవు పెట్టాడు. పొద్దున్నే అమ్మ కొడవలి తీసుకుని గుండ్ల వెనక్కి పోయింది. రెండు రోజులు తను ఉండదు కదా, బర్రెకు రెండు రోజుల గడ్డి కోసి పెట్టాలని.

పెద్ద మోపుతో తిరిగొచ్చి దాన్ని దించి, పాదం పైన గీక్కుంటూ, "ఏందో సురుక్కుమన్నది. గడ్డిల ఏదో జారిపోయినట్టనిపిచ్చింది" అంది.

నాయినమ్మ ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చింది. పాదం చూసింది. నెత్తురు లేదు, వాపు లేదు, ముల్లు గుచ్చుకున్నంత గుర్తు కూడా సరిగా లేదు. మా దిక్కు పాము అని పేరెత్తరు, పురుగు అంటారు. పురుగు ముట్టిందేమోనని అనుమానమొస్తే వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని అర్థం. చప్పగా ఉంటే గండం. మా ఊళ్లో అందరికీ తెలిసిన పరీక్ష అదొక్కటే. దాని మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు.

నాయినమ్మ గుప్పెడు వేపాకు తెచ్చి అమ్మ నోట్లో కుక్కింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. అమ్మ నమిలింది. నాయిన మొహం చూసింది. వాకిట్లో విప్పి పెట్టిన కొత్త చెప్పులు చూసింది. సద్ది మూట చూసింది.

"చేదుందా?" అని నాయినమ్మ అడిగింది.

"థూ! విషం లెక్క ఉంది" అని ఉమ్మేసి, పుక్కిలించడానికి నీళ్లు అడిగింది అమ్మ.

నాయినమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. "బతికినం పో. ముల్లే అయ్యుంటది" అంది. అయినా నాయినకు మనసొప్పలేదు. "వచ్చే వారం పోదామా?" అని అడిగాడు.

"వచ్చే వారం దాక బర్రె యాదివెట్టుకుంటదా? మళ్ల మొదటి నుంచి పిల్ల తన్నులు తినాలె" అంది అమ్మ.

తలంటుకుంది. పెళ్లినాటి చీర కట్టుకుంది. సీతాఫలాలు నాలుగు సంచిలో వేసుకుంది, పురానాపూల్‌లో దోస్తు పిల్లలకని. మామ లారీ హారను మోగించాడు. లారీ ఎక్కుతూ, "పొద్దుగూకకముందే పిండు. నా చీర కట్టుకునుడు మర్వకు" అని అక్కకు మళ్లీ చెప్పింది. అక్క విసుక్కుంది. "పోవే తల్లీ, ఇగ పో! నీ బర్రె నాకప్పజెప్పినవ్ గద!"

అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టారు, అన్నీ బాగా కనబడాలని. నేను నాయిన ఒళ్లో. రాయదుర్గం గుండ్లు దాటాం, టోలిచౌకి దాటాం. అమ్మ అన్నిటికీ "అదేంది? ఇదేంది?" అని అడిగింది. గోడ మీద రాసినవి అడిగింది, కరెంటు స్తంభాలను అడిగింది, పంచెకు బదులు ప్యాంటేసుకున్న కూరగాయల మనిషిని చూసి నన్ను గిల్లింది. మామ స్టీరింగు తిప్పుతూ, "అక్కా, నువ్వు గిట్ల అడుగుతుంటే చార్మినార్ కాడికి వోయేటాళ్లకు నీ నోరు వోతది" అన్నాడు.

మెహదీపట్నం దగ్గరపడుతుండగా అమ్మ ఆవలించింది. "నిద్రొస్తున్నదయ్యా" అంది.

"సంబురానికి రాత్రంత పండుకోలేదు గద, రాదా మరి" అన్నాడు నాయిన.

కొంచెం సేపటికి, "గా బస్సు రెండు కనబడ్తున్నది" అంది. నేను ఒకటే నవ్వు. మా అమ్మకు పట్నం రెండింతలు కనబడుతోందని చప్పట్లు కొట్టాను. అమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది. రెప్పలు వాలిపోతున్నాయి. చేత్తో రుద్దుకుంది. మళ్లీ వాలిపోయాయి. "కండ్లు తెరుస్తున్నగని తెర్సుకుంటలెవ్వు" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

నాయిన నన్ను పక్కకు నెట్టేసి అమ్మ మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఏమే, వేపాకు నిజంగ చేదున్నదా? నిజం జెప్పు."

"సప్పగ ఉండె" అంది అమ్మ. "చెప్తే మీరు ఆపుదురని..."

నాయిన ఏడుపు నేనెప్పుడూ వినలేదు. అది ఏడుపని కూడా నాకు తెలియలేదు. లారీ ఇంజనేదో చెడిపోయి చప్పుడు చేస్తోందనుకున్నాను. "దవాఖానకు తోలురా, పెద్ద దవాఖానకు!" అని అరిచాడు. మామ హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. సైకిళ్లు, రిక్షాలు, తోపుడు బండ్లు పక్కకు తప్పుకుంటున్నాయి. వెనక మా ఊరి రాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి.

అమ్మకు తెలివి పోలేదు. అదే ఘోరం. రెప్పలు మాత్రం పడిపోయాయి, చెవులు వింటున్నాయి. పట్నం నడిబొడ్డులో నుంచి పోతున్నాం. ఆమె చూడాలనుకున్న పట్నమే అది. "ఏమొచ్చింది?" అని అడిగింది గొణుగుతూ. నాయిన చెప్పాడు. "పెద్ద బజారొచ్చిందే. గాజుల దుకాండ్లు. అన్నిట్ల లైట్లు." మళ్లీ "ఏమొచ్చింది?" అంది. "రెండంతస్తుల బస్సొచ్చింది. పైన గూడ కూసున్నరు మనుషులు." ఆయన ఆపలేదు. చూస్తే అక్కడ బజారూ లేదు, గాజులూ లేవు. దుమ్ము గోడలు పోతున్నాయి. ఇదేమిటి ఇట్లా అబద్ధాలు చెబుతున్నాడనుకున్నాను నేను.

అప్పుడు పెద్ద మేడ కనబడింది. తెల్లటి గుమ్మటాలు, ఆకాశమంత ఎత్తు. "చార్మినార్ వచ్చింది!" అన్నాడు నాయిన. "జూడే, జూడు!" అని, తన రెండు బొటనవేళ్లతో అమ్మ రెప్పలు ఎత్తి పట్టుకున్నాడు. ఆ వేళ్లకు నూనె మరకలు ఇంకా పోలేదు. అమ్మ కళ్లు ఆ గుమ్మటాల వైపు ఉన్నాయి. ఏం కనబడిందో దేవుడికెరుక.

"మన ఊరెటు?" అంది.

నాయిన ఆమె మొహాన్ని మెల్లగా పడమటికి తిప్పాడు. "గటు. గుండ్లు కనబడ్తున్నయా?"

"ఊ" అంది.

లారీ ఆ గుమ్మటాల మేడ లోపలికే పోయింది. అమ్మను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. డాక్టరమ్మ ఎప్పుడు ముట్టిందని అడిగింది. పొద్దుగాల అని నాయిన చెప్పాడు. ఆమె చేయగలిగిందంతా చేసింది. దీపాలు పెట్టే వేళకు అమ్మ పోయింది. చెప్పులు తెచ్చి నా చేతికిచ్చారు.

అదే చార్మినార్ అని నేను చాలా ఏళ్లు నమ్మాను. పెళ్లైన కొత్తలో మా ఆయన చార్మినార్ చూపిస్తానని తీసుకుపోతే, నాలుగు మినార్ల కింద నిలబడి, "ఇది గాదు, నేను చిన్నప్పుడే జూసిన. మా అమ్మ గూడ జూసింది" అన్నాను. ఆయన నవ్వాడు. తిరిగి వస్తూ నది దగ్గర గుమ్మటాలు కనబడగానే, "అగో, అదే" అని చూపించాను. "అది దవాఖాన గద" అన్నాడాయన. నడిరోడ్డు మీద కూర్చుని నేను ఏడ్చిన ఏడుపుకు జనం పోగయ్యారు. మా నాయిన మీద నాకు కోపం రాలేదు. ఆ పూట ఆమెకు ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేముంది?

ఆదివారం పొద్దు పొడిచాక అదే లారీలో ఇంటికి తిరిగొచ్చాం. లారీ వెనక, రాళ్లు దించేసిన చోట అమ్మను పడుకోబెట్టారు. నాయిన పక్కన కూర్చున్నాడు. నేను ముందు మామ దగ్గర. ఊరికి ముందు కబురు పంపే వీలు ఆ రోజుల్లో లేదు. గుండ్ల మలుపు తిరిగి మా వాకిట్లో లారీ ఆగింది.

ఆ చప్పుడు వినే అక్క కొట్టంలో నుంచి ఉరికొచ్చింది. అమ్మ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది, ఇంకో చేత సర్వ. నురుగు అంచులు దాటి కారుతోంది. మోచేతి దాకా అమ్మ గాజులు. మొహం వెలిగిపోతోంది. లారీ తలుపు ఇంకా తెరవనైనా లేదు.

"అమ్మా! రాత్రి నిండ ఇచ్చిందే! ఇప్పుడు గూడ నిండ! ఒక్క తన్ను తన్నలే, నీ మీద ఒట్టు, ఒక్కటి గూడ తన్నలే! గింత తొందరగ ఎందుకొచ్చిండ్రు? ఇంకో రోజుండి రావాల్సింది గదనే!"

మామ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. దిగి ఆ పిల్లకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఆ బర్రె ఆ తర్వాత ఇంకా ఎన్నో ఈతలు ఈనింది. చివరి దాకా అక్కే పిండింది. అమ్మ చీర చిరిగి పీలికలయ్యేదాకా అదే కట్టుకుని పిండింది. ఆ తర్వాత ఏ చీర కట్టుకున్నా బర్రె పట్టించుకోలేదు. ఇప్పుడు అక్క నల్లగండ్లలో ఉంటుంది. ఇద్దరం ముసలివాళ్లమైపోయాం, అమ్మ కంటే ఎంతో పెద్దవాళ్లమైపోయాం. కలిసినప్పుడల్లా ఎక్కడెక్కడివో మాట్లాడుకుంటాం గానీ ఆ శనివారం జోలికి పోము. ఒక్కసారి మాత్రం, నేను అడక్కుండానే, చాయ్ గ్లాసు పట్టుకుని అక్క తనంతట తానే అంది.

"ఆనాటి నుంచి అది నన్ను ఒక్కసారి గూడ తన్నలే చెల్లె. తన్నితే బాగుండు. ఇది అమ్మ గాదని దానికన్న తెలిసినట్టుండు."